గొట్టం మూతి

1992, చిత్తూరు. ఆసుపత్రి మంచం మీద కళ్లకు కట్లతో ప్రతాప్. పక్కన ఇన్లాండు లెటరు పట్టుకుని తల్లి చెంగమ్మ.

"రాసినావా మా?"

"'రంగరాజు సారుకి నమస్కారం' కాడికి రాసినా. రెండు ముద్దలు తిను, మళ్లా రాద్దాం."

"అన్నం యాడికీ పోదులే. రాయి. 'సార్, తోట షెడ్డులో జాడీ పేలింది.'"

"కండ్లు పోయినాయని రాయనా?"

"అది కడాకు. ముందు అసలు సంగతి."

"ఏం అసలు సంగతిరా? నీళ్ల జాడీ పేలడమేంది, నా తలరాత కాకపోతే!"

"ఉత్త నీళ్లు కాదు మా, భారజలం. సుక్క పోతే మళ్లా దొరకదని ఎన్నితూర్లు సెప్పినా నీకు?"

"సెప్పినావులే. సెప్పినావు."

"దాంట్లో కరెంటు పెడితే బరువు హైడ్రోజన్ పోయి పల్లాడియం కడ్డీలో దూరతాది. మామూలుగా ఆ హైడ్రోజన్ కణాలు ఒకదాన్నొకటి దగ్గరికి రానీవు. కొండమీద క్యూలో తలుపేసి కుక్కితే, మాటల్లేని దాయాదులు గూడా ఒకరి మీదొకరు పడరా? అట్ల. రెండు ఒకటైతే వేడి పుడతాది."

"అట్లయితాదని ఎవురన్నా సూసినారా?"

"లేదు. ఇది సారు ఊహ. కాలేజీలో అందరూ నవ్వినారు. ఇప్పుడు నవ్వమను!"

"ఒరే... ఉత్త గాలికే పేలిండచ్చు గదా?"

"కరెంటుకి పుట్టే గాలి జాడీ మూతకుండే గొట్టంలోంచి బయటికి పోతా ఉంటే ఎట్ల పేలతాది? గొట్టం మూసుకుంటే పేలతాది, సరే. నేను మూయలే. పొద్దున గూడా సూసినా, తెరిచే ఉండాది."

"పొద్దున గదా సూసినావు."

"మజ్జలో ఎవురొస్తారు మన తోటలోకి? రాయి మా. 'గొట్టం తెరిచే ఉండింది.' ఆ ఒక్కమాట మీదే ఉండాది అంతా. అది నిజమైతే పేలింది సారు సెప్పిన వేడికే. కండ్లు పోతే పోయినాయి, నాకేం బాధ లేదు."

"అంత మాటనొద్దురా."

"రాసినావా?"

"పెన్ను పడలేదురా."

"విదిలించు. ఏడస్తా ఉండావా? మా? ఏడవద్దు. నేను గెలిసినా మా!"

"ఆ మాట నేను రాయలేను నాయనా."

"ఎందుకు?"

"సుక్క పోతే మళ్లా దొరకదంటివే. ఆవిరి పోతా ఉంటే సూళ్లేకపోయినా. కుడుముల కుండకి మెత్తినట్ల, గొట్టం మూతికి పిండి మెత్తింది నేనేరా."