ఊర్లు చూడబోయిన డీజిలు ఇంజను

ఆదోని ఊరవతల ఎరువుల గోదాముకు సొంత పట్టాలుండాయి, ముప్పావు కిలోమీటరు. పెద్ద లైను మీద అంతా కరెంటు ఇంజన్లే ఐపోయినాక, రిటైరైన డీజిలు ఇంజను ఒకదాన్ని గోదామువాళ్ళు కొని తెచ్చుకున్నారు. గూడ్సు పెట్టెలు లోపలికి లాగేదానికి దానికింకా సత్తువ ఉంది.

గోదాము గేటు ముందర సుభద్రమ్మ ఉగ్గాని బజ్జి బండి. ఆ పొద్దు ఇంచార్జి సామ్సన్ సారు టీ తాగుతా, "ఈ డీజిలు సంగతి తెలిసిన మనిషి ఒకడు కావల్ల. పర్మనెంటు పని. ఎవరన్నా ఉండారామ్మా?" అని అడిగినాడు.

సుభద్రమ్మ పక్కనున్న బెంచీ దిక్కు చూసింది. ఆయమ్మ మొగుడు కాశప్ప గుంతకల్లు డీజిలు షెడ్డులో ఇరవై రెండేండ్లు కూలికి చేసినోడు. పని తగ్గిపోయి మూడేండ్లుగా ఆ బండి పక్క బెంచీ మీదనే కూర్చోనుండాడు. ఉన్నదున్నట్టు చెప్తే పని దొరుకుతాది. కాశప్పకు లేని అలవాటు అదొక్కటే.

"ఈడనే ఉండాడు సార్ ఆ మనిషి!" అని కాశప్ప టవలు దులిపి భుజాన వేసుకున్నాడు. "మీ ఇంజను దగ్గుతాంటే గేటు కాడ్నుంచే కనిపెట్టినా. ఒక సిలిండరు సరిగా కొట్టడం లేదు."

సారు తలెత్తినాడు. "మాకూ అదే అనుమానం."

చాలు, ఇంక నోరు మూసుకోని కూర్చో దేవుడా, అనుకుంది సుభద్రమ్మ.

"ఇదేం లెక్క సార్! గుంతకల్లులో ఇట్లాంటిదే ఒకటి మొండికేసింది. ఫిట్టర్లు నలుగురు మూడు దినాలు కిందామీదా పడినారు. నేను పోయి చెవి ఆనించి విని, ఈడొక దెబ్బ, ఆడొక దెబ్బ కొడితి. లేచి కూర్చునింది."

"సుత్తితోనా?" అన్నాడు ఆడనే టీ తాగుతాండిన లక్ష్మప్ప, ఆలూరు ఆటో నడిపేటోడు.

"అరచేత్తో అప్పా! ఆమీట ఏమాయనో తెలుసునా? పెద్దసారు వచ్చి, కాశప్పా, ఇది నీ మాట తప్ప వినదు, నువ్వే నడపల్ల అనె. సరే అని ఎక్కితి. ఆదోని దాటినామో లేదో, దాని పాటికది హొళగుంద దిక్కుకు తిరిగె."

"అన్నా, హొళగుందకు పట్టాలు యాడుండాయి?" అన్నాడు లక్ష్మప్ప.

"ఉండాయని ఎవురన్నారు? ఎనకాల పీకి ముందర వేస్తా పోతిమి. రెండొందల మంది. నేను మెల్లగా పోనిస్తాంటి, వాళ్ళు పట్టాలెత్తుకోని ఉరుకుతాండ్రి. దాన్ని తిట్టేదానికి నాకు మనసు రాలేదప్పా. నౌకరీ నాళ్ళంతా ఒకే దారిలో పోయె వచ్చె, పోయె వచ్చె. రిటైరైనాక నాలుగూర్లు చూడల్లని దానికీ ఉంటాది గదా?"

సారు మీసాల కింద నవ్వినాడు. సుభద్రమ్మకు నవ్వు రాలేదు. నూనెలో వేసిన బజ్జీలు మాడుతాండాయి.

"హొళగుంద కర్నాటక పక్కనే గదా, ఆడ ఎనుములు దారికడ్డం పండుకోనుండె. తెలుగులో కూత పెడితే కదలవు. కన్నడంలో పెడితి. లేచి పాయె."

"కన్నడ కూత ఎట్లుంటాదన్నా?"

"అదే కూత. చివర్న మర్యాదకు ఒక 'రీ' ఉంటాది. ఆడ్నుంచి కౌతాళం పోతిమి, డీజిలు ఐపాయె. రైతులు డబ్బాలు డబ్బాలు శెనగనూనె తెచ్చి పోసిరి. ఇంక చూడు, దారి పొడుగునా బజ్జీల వాసన! జనం ప్లేట్లు పట్టుకోని ఇంజను ఎంబడి పడిరి. ఎమ్మిగనూరు చేరేసరికి మూడు మైళ్ళ జనం. ఆడ మగ్గాలోళ్ళు రాత్రికి రాత్రి ముప్పై గజాల శాలువ నేసి ఇంజనుకు కప్పిరి. మిగిలిన ముక్క నాకు కప్పిరి."

"అయితే నువ్వు డ్రైవరువి" అన్నాడు సారు.

"పుట్టుకతోనే సార్!"

సారు గ్లాసు కింద పెట్టి లేచినాడు. "నాకు డ్రైవరు ఉండాడప్పా. ఇంకొకరు వద్దు. దాని కింద దూరి పని చేసేటోడు దొరికితే చెప్పండి."

సారు గేటు దిక్కుకు నాలుగడుగులు వేసినాడు. ఆడ బండి పెట్టినప్పట్నుంచి ఆయనతో 'ఇంకో ప్లేటా సార్' అని తప్ప ఇంకో మాట ఆడి ఎరగదు సుభద్రమ్మ. జల్లిగరిటె చేతిలో ఉండగానే ఎదురు పోయి నిలబడింది.

"సార్, ఈయప్ప డ్రైవరు గాదు. ఇంజను కదిలితే వాంతి చేసుకుంటాడు."

లక్ష్మప్పకు టీ ముక్కులోకి పోయింది.

"ఇరవై రెండేండ్లు షెడ్డులో చేసి, ఇంటికి ఒక్కసారన్నా రైల్లో రాలేదు సార్. బస్సే. బస్సు పడతాది, రైలు పడదు. నిలబడిన ఇంజను కిందైతే తిండి గూడా అడగడు. బోల్టులు బిగించేది, నూనెలు మార్చేది, అంతా ఈయప్పే. ఆ చొక్కాలు ఉతికినదాన్ని, నాకు తెలుసు."

సారు కాశప్ప దిక్కు చూసినాడు. "నిజమేనా?"

కాశప్ప టవలు భుజం మీద నుంచి తీసి చేతిలో పట్టుకున్నాడు. "కడుపులో తిప్పుతాది సార్" అన్నాడు మెల్లగా.

"రేపు ఎనిమిదికి రా" అన్నాడు సారు. "ఎక్కే పని లేదులే."