ఫారంలో మొదటి పేరు

ఆహార భద్రత పరిశోధనలో ఊరివాళ్ళూ సమాన భాగస్వాములేనని చెప్పి, పరిశోధకుడు రైతమ్మ చేతికి ప్రశ్నల ఫారం ఇచ్చాడు. అలవాటు కోసం ముందు తననే అడగమన్నాడు.

“పొద్దున ఏం తిన్నారు బాబూ?”

“టీ తాగానమ్మా.”

“రాత్రి?”

“రెండు బిస్కెట్లు. రిపోర్టు పని తెమల్లేదు.”

“ఈ వారం ఎన్ని పూటలు మానేశారు?”

“ఆరో, ఏడో.”

“ఇంట్లో గింజలున్నాయా?”

“గదిలో పొయ్యే లేదమ్మా.”

ఆమె కళ్ళజోడు సర్దుకుని అంతా రాసేసింది.

“ఊరంతా గాలించినా ఇంత కరువు కొంప దొరకదు. మీ పేరే పైన పెట్టాను.”

“అయ్యో, కొట్టెయ్యండమ్మా. రేపు పెద్దసారు చూస్తే నా పరువు పోతుంది.”

“ఉన్నది ఉన్నట్టే రాయాలని నిన్న పాఠం చెప్పింది మీరేగా. చేతులు కడుక్కుని రండి. కడుపు నిండాక కొత్త ఫారం తీద్దాం.”