ధర పక్కన గుర్తు

మధ్యాహ్నం వేళ. వీడియో గేములు అమ్మే చిన్న షాపు. కుట్టుమిషను మీద పని సగంలో ఆపి వచ్చినావిడ తన ఫోన్లో ఒక ఫోటో తెరిచి కౌంటరు మీద పెట్టింది. షాపాయన కళ్ళజోడు సరిచేసుకుని అందులోకి చూశాడు.

"మీ గోడ మీదున్న గేమ్ ఇదే కదండీ?"

"ఇదేనమ్మా. అట్ట మీద బొమ్మ కూడా అదే."

"మరి మీ ధరలో మూడో వంతే ఉందేంటి ఇందులో అంకె?"

"వచ్చిందండీ అసలు మాట. రోజూ ఎవరో ఒకరు ఇలా ఫోను పట్టుకొచ్చి నా పీక మీద కూర్చుంటారు. నాకు షాపు అద్దె, కరెంటు, సరుకు తెచ్చినవాడి వాటా. ఫోన్లో అమ్మేవాడికి గోడా లేదు, తలుపూ లేదు. పైగా వాడు ఎప్పుడు పడితే అప్పుడు సగం ధర అంటాడు."

"దానికే ఇంత తేడానా?"

"దానికే కాదు. కంపెనీవాడు మొహం చూసి బొట్టు పెడతాడమ్మా. జేబులు బరువుగా ఉన్న దేశంలో ఒక ధర, తేలిగ్గా ఉన్న దేశంలో ఇంకో ధర. అన్నిచోట్లా ఒకటే పెడితే లేనివాళ్ళు దొంగ కాపీలు ఆడుకుంటారు, వాడికి చిల్లిగవ్వ రాదు."

"అయితే ఫోన్లో ఏ దేశం ధర కనిపిస్తుంది?"

"మనం ఎక్కడ కూర్చుని చూస్తే అక్కడిది. ఇదిగో, బేరమాడాలనుకుంటే సూటిగా..."

"బేరం కాదండీ. ఆ ధర పక్కన గుర్తుంది చూడండి. అది ఏ దేశం డబ్బు?"

"ఏదీ... ఈ ఫోటో ఎవరు పంపారు?"

"మా తమ్ముడు. 'అక్కా, ధర చూడండి' అని రాశాడు. ఇంకేం రాయలేదు."

"ఎక్కడుంటాడు?"

"విదేశంలో, మనవాళ్ళంతా వెళ్ళే ఆ రేవు పట్నంలో. పెద్ద హోటల్లో లెక్కలు చూసే ఉద్యోగమని ఏజెంటు తీసుకెళ్ళాడు."

"అయితే ఇది అక్కడి డబ్బు కాదమ్మా."

"కాదా?"

"దాని పక్క దేశానిది. కంగారుపడకండి, కుర్రాళ్ళకి కిటుకులుంటాయి. చవగ్గా వస్తుందని వేరే దేశంలో ఉన్నట్టు పెట్టుకుంటారు. కంపెనీకి తెలిస్తే ఖాతా మూసేస్తుంది. అయినా మానరు."

"కిటుకు చెయ్యకపోతే?"

"చెయ్యకపోతే... కూర్చున్నచోటి ధరే."

"అంటే పక్క దేశంలో కూర్చున్నట్టు."

"అలా అని నేననలేదు. పోనీ ఆ ఏజెంటునే అడగండి."

"ఎత్తడం లేదు. ఆఫీసుకి వెళ్తే తాళం. కింద టీకొట్టాయన, సామాను సర్దుకుని ఎటో పోయారన్నాడు."

"తమ్ముడితో మాట్లాడారా మరి?"

"ఆదివారాలు చేస్తాడు. స్పీకర్లో పెడతాడు. బాగున్నాను, భోజనం బాగుంది, బాగున్నాను. అప్పజెప్పినట్టు అవే మాటలు."

"పని ఒత్తిడేమో."

"నన్ను 'మీరు' అంటున్నాడండీ. చంకనేసుకుని పెంచాను వాణ్ణి. 'ఏమే అక్కా' అనేవాడు. ఇప్పుడు 'అక్కా, మీరు తిన్నారా' అంటాడు."

"దూరం వెళ్తే మర్యాదలు వాటంతటవే వస్తాయి లెండి."

"ఆ పక్క దేశం గురించి మీరేదో విన్నారు."

"నేనా? నేనేం వినలేదు."

"ఇందాకటి నుంచి నా మొహం చూడటం లేదు మీరు."

"పేపర్లో ఏదో వేశారమ్మా. చుట్టూ ముళ్ళకంచె, లోపల మేడలట. ఉద్యోగమని తీసుకెళ్ళి, పాస్‌పోర్టులు లాక్కుని, ఫోన్లలో జనాన్ని మోసం చేయిస్తారట. చెయ్యనంటే..."

"చెయ్యనంటే?"

"వదిలెయ్యండి. వెళ్ళినవాళ్ళంతా అక్కడే చిక్కుకుంటారా ఏంటి? గేమ్ కొనుక్కుందామని చూస్తున్నాడంటే తీరిగ్గా ఉన్నట్టే కదా. ఆ పాటి సరదా మిగిలిందంటే సుఖంగా ఉన్నట్టే. కొని పంపండి, సంతోషిస్తాడు. ఎలా పంపాలో నేను చూపిస్తాను."

"వద్దండీ."

"ఎంతో కాదమ్మా, అక్కడి ధరే పడుతుంది."

"వాడు పుట్టి బుద్ధెరిగి ఒక్క గేమూ ఆడలేదండీ."

"మరి ధర చూడమని ఎందుకు..."

"ఎక్కడున్నాడో వాణ్ణి చెప్పనివ్వడం లేదండీ."