ఎనిమిది కొమ్ముల రౌటరు

కూసో సోమ్లా, నీ ట్రాక్టరు ఎక్కడికీ పోదు. బొజ్జయ్యా, నువ్వు గూడ ఇటు జరుగు. యశోదా, నీ హోటల్ చాయ్ ముగ్గురికి పొయ్యమ్మా. టైమెంతైంది? పదకొండుంబావా? ఏం లేదు, మా కోడలు ప్రసూనకు పదకొండింటికి ఇంటర్వ్యూ మొదలైంది. లాప్‌టాప్‌లనే. హైదరాబాదు కంపెనీ, ఇంటికాడ ఉండి చేసే నౌకరి. ఇది గిన తప్పితే పిల్ల పట్నం పోయి హాస్టల్ల ఉండాలె. మా కొడుకు అనిల్‌కుమార్ పామాయిల్ తోట ఇడిసిపెట్టి రాడాయె. పెండ్లై ఆరు నెలలు కాలే, చెరో దిక్కు ఎట్ల ఉంటరు? అందుకే నేనే పోయి రౌటరు ఎంచుకొచ్చిన.

"మెల్లగా అన్నా, జర గొంతు తగ్గియ్."

సరేనమ్మా యశోదా. ఇగ రౌటరు ఎంచుడంటే ఆషామాషీ అనుకున్నరా? సత్తుపల్లి దుకాణపాయన రెండు కొమ్ములది చూపిచ్చిండు. "ఇది దూడ, నాకు ఎద్దు కావాలె" అన్న. నాలుగు కొమ్ములది తీసిండు. చేతిల పట్టి బరువు చూసిన, వీపు తట్టి చూసిన, ఆఖరికి పై అరల ఉన్న ఎనిమిది కొమ్ములది దింపిచ్చిన. ఆయన నన్నే చూసి, "సార్, ముందు మీ లాప్‌టాప్ లోపల వైఫై కార్డు ఎసుంటిదో చూసుకోండి, సిగ్నలు పట్టేది అదే" అన్నడు. "ఎద్దును కొనెటోడు బండి ఇరుసును చూస్తడా?" అన్న. ఇగ బిల్లు రాసిచ్చిండు.

"ఇరుసు చూడకుంటే బండి ఎట్ల నడుస్తది రావుగారూ?"

ఆగు బొజ్జయ్యా, అడ్డం రాకు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? బిగించనీకె వచ్చినాయన చెప్పిండు, ఇందుల రెండు దారులుంటయట. ఒకటి పాతది, మెల్లగ పోతది, ఎడ్లబండి బాట లెక్క. ఇంకోటి కొత్తది, హైవే లెక్క ఉరుకుతది. "మా ఇంట్ల ఎడ్లబండి బాటేంది, మూసెయ్" అన్న. మూయిచ్చిన! ఇగ చూస్కో, సిగ్నలు తోట దాటి పోయింది. గెలలు కోసెటోళ్లు గెడలు పక్కన పడేసి చెట్ల కింద సినిమాలు చూసుడు మొదలువెట్టిండ్రు. కోతుల మంద వచ్చింది. ఒక కోతి కొమ్ము పట్టుకున్నదో లేదో, వెంట్రుకలు నిక్కబొడుచుకొని ఒక్క దుముకుల దమ్మపేట అడవిల పడ్డది. మిగిలినయి దాని ఎనకే. మళ్ల ఊరి మొఖం చూడలే.

"నిన్ననే మా మినుములు తిన్నయి గదా అన్నా?"

అవి వేరే కోతులు సోమ్లా! టైమెంతైంది? ఇరవై నిమిషాలేనా? అటేం చూస్తున్నవంటరా? ఏం లేదు, ఆ వెనక గది పరదా ఊగుతుంటే చూసిన, గాలికే.

ఇగ స్పీడు ఇనుండ్రి. ఇల్లందుల మా బామ్మర్దికి వీడియో కాల్ చేసిన. నేను హలో అనకముందే ఆయన "సరే బావా, ఉంట మరి" అని పెట్టేసిండు. మాట్లాడుడు అంతా అయిపోయింది! ఆ తర్వాత ఏమైందో తెలుసా? భద్రాచలం కాడ గోదావరి నడిమిట్ల పడవల ఉన్నాయన ఫోన్ చేసిండు. "రావుగారూ, మీకు పుణ్యముంటది, మీ సిగ్నలు జర తగ్గియ్యండి. వలల చేపలు పడతలేవు, అన్నీ మీ ఊరి దిక్కు ఎదురీదుతున్నయ్" అని!

"మీ నంబరు ఆయనకెట్ల దొరికింది?"

సిగ్నల్ల కొట్టుకపోయింది బొజ్జయ్యా! అంతెందుకు, పైనున్న ఉపగ్రహం సుత కిందికి చూసి, ఇగ నాకేం పని అని సెలవు చిట్టీ...

"అన్నా! గొంతు!"

ఏంది యశోదా, నీ హోటల్ల నోరు తెరవొద్దా?

"రావుగారూ, ఒక్క మాట. అంత సిగ్నలు ఇంట్ల పెట్టుకొని, పొద్దున ప్రసూనమ్మ లాప్‌టాప్ సంకల పెట్టుకొని యశోదక్క వెనక గదిలకు ఎందుకు పోయింది?"

అది... అదేందంటే బొజ్జయ్యా... అగో, పరదా జరిగింది. ఏమైందమ్మా ప్రసూనా? తప్పిందా?

"లేదు మామయ్యా. నా లాప్‌టాప్ కార్డు పాతది, దానికి తెలిసింది మీరు మూయించిన ఎడ్లబండి బాట ఒక్కటే. తెరిపియ్యమంటే మీరు ఒప్పుకోకపోతిరి. యశోదక్క రెండు కొమ్ముల రౌటరు మీదనే మంచిగైంది. రేపు ఇంకోసారి మాట్లాడతరంట."

చూసిండ్రా! నేను ముందే అనలే...

"కానీ ఆఖరుకు అవతలి మేడం ఒక్కటే అడిగింది మామయ్యా. 'ఇంతకూ ఆ పడవాయన వలల చేపలు పడ్డయా, లేదా?' అని."