చిన్నారావు కూత

రాయపూర్ రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో సాయంత్రం సన్మాన సభ. రిటైరైన ఇంజన్ డ్రైవరు దానయ్య వేదిక మీద మౌతార్గన్ వాయిస్తున్నాడు. ఆడవాళ్ల ఆఖరి వరసలో అతని భార్య రమణమ్మ, పక్కన వరహాలమ్మ. మొగుడు చిన్నారావు కనపడకుండా పోయినప్పటి నుంచీ ఇలాంటి చోట్లకు రాని వరహాలమ్మ, ఇవాళ ఏ బుద్ధి పుట్టిందో, పిలవకుండానే వచ్చి కూర్చుంది.

“లేద్దాం వరహాలూ. తలనొప్పి వచ్చీసింది నాకు.”

“ఇప్పుడేగా వదినా కూర్చున్నాం. సొంత మొగుడి సన్మానం, మధ్యలో లేచిపోతావేటి?”

“ఇంట్లో రోజూ వింటున్నదే. పద, టీ పెడతాను.”

“నేనెప్పుడు విన్నాను గనక? ఎలా ఏడిపిస్తున్నారో చూడు దాన్ని. ఎవరు నేర్పేరు?”

“యుద్ధం రోజుల్లో ఇక్కడ దిగిన అమెరికా పటాలంలో ఓ నల్ల సోల్జరు. ఆ మౌతార్గన్ వాడిచ్చిందే. వాళ్ల దేశంలో కూలోళ్లు కష్టం చెప్పుకునే పాటలట.”

“ప్రతి పాటా చివర్న ఓసారి తెంచి మళ్లీ ఎత్తుకుంటున్నారు. ఎక్కిలి వచ్చినట్టు.”

“అది ఆయన అలవాటులే. నోరైనా చెయ్యైనా అంతే. పద, పద.”

“ఉండు, మల్లేశ్వరరావు గారేదో చెప్తున్నారు.”

“దానయ్య గారూ, ఇన్‌స్టిట్యూట్ సెక్రటరీగా నాదొక్క ఫరమాయిష్, ఒక్క కోరిక. ఆ రైలు పాట కానివ్వండి. మందిర్ హసౌద్ స్టేషను దాటి మన ఔటర్ సిగ్నల్ దాకా, ఏ డ్రైవరు ఇంజన్ కూత ఎలా వేసేవాడో అచ్చం అలాగే.”

“ఈ మల్లేశ్వరరావు నోరు ఊరుకోదు. లే వరహాలూ.”

“అయితే మావారి కూత కూడా ఉంటాదా?”

“ఉండదు. ఏమో. ఉండదు.”

“చెయ్యి వదులు వదినా. ఎందుకలా లాగుతావు?”

“ఆయనకిప్పుడు కళ్లు ఆనడం లేదు. నువ్వొచ్చేవని తెలీదు. తెలిస్తే...”

“తెలిస్తే ఏటి?”

“బాధపడతాడు. చిన్నారావంటే ప్రాణం ఆయనకి.”

“ప్రాణమేటి, ఆ రోజు ఇద్దరికీ మాటల్లేవు గదా. దానయ్య డ్యూటీలో తాగుతున్నాడు, ఈ ట్రిప్పు తిరిగొచ్చేక సాహెబుకి చెప్పీస్తానని వెళ్లేరు మావారు. ఇంజన్ మీద వాళ్లిద్దరే. మావారు డ్రైవరు, మీవారు అప్పటికింకా బొగ్గేసే ఫైర్‌మేన్.”

“పాత మాటలు ఇప్పుడెందుకు? బండి నీ మొగుడే తెచ్చేడని పోలీసు థానాలో బయాన్ ఇచ్చింది నువ్వే గదా.”

“ఇచ్చేను. ఎందుకివ్వను? ఔటర్ దగ్గర ఆయన కూత నా చెవులారా విన్నాను. రెండు పొట్టి, ఒకటి పొడుగు. ఈ కాలనీలో ఏ ఆడదైనా మొగుడి కూత విన్నాకే గదా ఎసరు పెడతాది. విన్నాను, పెట్టేను. అన్నం ఉడికింది. మనిషి రాలేదు.”

“షెడ్డులో దిగి ఎటో వెళ్లిపోయేడు. మగాళ్ల బుద్ధి...”

“మీవారూ అదే చెప్పేరు. బండి తెచ్చినవాడు బతికే ఉంటాడు గదా అని నేను బొట్టు తియ్యలేదు. మా అత్త తిట్టినా తియ్యలేదు.”

“మంచి పని చేసేవు. ఇంక రా.”

“ఉండు. బండి బయల్దేరింది. అచ్చం ఇంజనే. ఇది డ్రైవరు పరదేశి కూత. వాళ్లావిడ నవ్వుతోంది చూడు.”

“వరహాలూ, మాట విను.”

“ఇది భీమారావుది.”

“నీ కాళ్లు పట్టుకుంటాను, బయటికి రా.”

“మాట్లాడకు. రెండు పొట్టి... ఒకటి పొడుగు. మావారిదే.”

“విన్నావు గదా. చాలు, పద.”

“చివర్న తెగింది.”

“ఏటి తెగింది?”

“పొడుగు కూత. చివర్న తెంచి మళ్లీ ఎత్తేరు, ఇందాకటి పాటల్లాగే. మావారెన్నడూ తెంచలేదు. ఒక్క ఆ రోజే తెగింది. ఇంజన్‌లో స్టీము తగ్గిందేమో అనుకుంటూ ఎసట్లో బియ్యం పోసేను.”

“అంతే అయ్యుంటాది. స్టీమే.”

“మౌతార్గన్‌కి స్టీమేటి వదినా?”

“తలనొప్పి అన్నాను గదా వరహాలూ. పోదాం.”

“తల దించకు, ఇటు చూడు. ఆ సాయంత్రం నేను ఎవరి కూతకి ఎసరు పెట్టేను?”