ఐరిష్ రొట్టెలో ఆవాలు

1983లో ఒక ఆదివారం, న్యూజెర్సీలోని ఒక అపార్ట్‌మెంట్ వంటింట్లో తండ్రీ కూతుళ్ళు.

"నాన్నా, ఫ్రిజ్‌లో నేను చేసిపెట్టిన తాలింపు మజ్జిగ ఏదీ?"

"పక్కింటి ఐరిష్ మామ్మగారు సోడా రొట్టెకి మజ్జిగ అడిగితే, చూసుకోకుండా అదే ఇచ్చేశానమ్మా."

"అందులో పచ్చిమిర్చి కూడా ఉంది. రొట్టె చేసేసిందా?"

"చేసి, నన్ను పిలిచి ముక్క పెట్టింది. కొరికితే ఆవాలు తగిలాయి."

"ఇంకేం, ఇక మన తలుపు తట్టదు. అమ్మ పోయాక మీతో కబుర్లు చెప్పేది ఆవిడొక్కతే."

"నాకూ అదే భయం. చూస్తే కళ్ళు తుడుచుకుంటోంది."

"ఏడ్చిందా?"

"మిర్చి ఘాటు. వాళ్ళ ఊళ్ళో వాళ్ళమ్మ కాల్చే రొట్టెలోనూ ఏవో గింజలుండేవట. రెండో ముక్క కూడా తింది."

"బతికిపోయారు."

"ఎక్కడ? మజ్జిగ నేనే చేశానని చెప్పాను. రేపు తన వంటింట్లో చేసి చూపించమంది. తాలింపుకి ముందు నూనె వెయ్యాలా, ఆవాలా?"