ఆవులన్నీ ఈనాక వచ్చిన నాన్న

మే నెల మధ్యాహ్నం. మోంటానాలో, విమానాశ్రయం నుంచి పశువుల రాంచ్‌కి పోయే దారిలో ఒక పాత ట్రక్కు. నడుపుతున్నది తోరా. పక్క సీట్లో, చలికాలమంతా మెక్సికో సముద్రతీరంలో గడిపి ఇల్లు చేరుతున్న ఆమె తండ్రి ఓరిన్. బయల్దేరిన దగ్గర్నుంచీ ఆయన కూతురి ముఖంలోకి సూటిగా చూడలేకపోతున్నాడు.

"ఇంకోసారి అడుగుతున్నా, నన్ను నడపనీ."

"ఇంకోసారి చెబుతున్నా, వద్దు."

"ఒంటిచేత్తో తోలుతున్నావే, భయమేస్తోంది."

"నువ్వు నేర్పిందేగా. ఒక చేత్తో స్టీరింగు, ఒక చేత్తో కాఫీ."

"కాఫీ ఎక్కడుంది మరి?"

"తాగేశా. నాన్నా, ఇంటికెళ్ళేలోపు ఆ టోపీ మాత్రం తీసెయ్. గడ్డి అనుకుని ఆవులు నమిలేస్తాయి."

"గడ్డి కాదే, తాటాకు. అక్కడందరూ ఇదే పెడతారు."

"అక్కడ. ఇక్కడ పెడితే ఊరంతా నవ్వుతుంది. ముఖం చూడు, మాడిన రొట్టెలా అయింది."

"బాగాలేనా?"

"బాగున్నావు. అదే నవ్వొస్తోంది."

"ఆవులన్నీ ఈనేశాయా?"

"ఈనేశాయి. ఇక దూడలకి ముద్రలెయ్యడమే మిగిలింది."

"ఎన్ని పోయాయి?"

"కొన్ని."

"కొన్నంటే?"

"కొన్నంటే కొన్ని. ప్రతి ఏడూ పోవూ?"

"ఫోన్‌లో ఒక్కటీ పోలేదన్నావు."

"నువ్వు అడిగే తీరు అలా ఉండేది. 'అంతా బాగేనా తల్లీ, అంతా బాగేగా' అని నువ్వే రెండుసార్లు అనేవాడివి. ఇక నేను బాగే అనక ఏం చెయ్యను?"

"నేను ఫిబ్రవరిలోనే రావాల్సింది."

"ఊఁ."

"ఈనడం మొదలయ్యేలోపు వచ్చేస్తానన్నాను."

"అన్నావు."

"టికెట్ కూడా తీసుకున్నాను తల్లీ, నిజంగా."

"సర్లే. మోకాలెలా ఉంది?"

"ఏ మోకాలు?"

"నొప్పన్నావే, ఆ మోకాలు."

"ఓ, మోకాలా! తగ్గింది, తగ్గింది. ఆ నూనెతో బాగా తగ్గింది."

"చలిలోకి వెళ్తే కాలే పోతుందన్నాడు డాక్టరు, అన్నావు కదా. ఫిబ్రవరిలో ఒకసారి, మార్చిలో ఒకసారి."

"ఆ, అలాగే అన్నాడు. పాపం మంచివాడే, డాక్టరు."

"ఏ కాలు?"

"కుడి... కుడిది."

"ఫోన్‌లో ఎడమ అన్నావు."

"రోడ్డు చూసి నడుపు."

"చూస్తున్నా. మెక్సికో సంగతులేమైనా చెప్పు. అక్కడ పొద్దస్తమానం ఏం చేసేవాడివి?"

"ఏముంది, పొద్దున్నే చేపల రేవుకి పోయేవాళ్ళం. పడవలొచ్చే వేళకి. తాజా చేప, నిమ్మకాయ పిండుకుని, వేడి వేడి మొక్కజొన్న రొట్టెలతో. మేం తిన్నంత చేప నువ్వు జన్మలో..."

"మేం ఎవరు?"

"ఆఁ?"

"మేం తిన్నాం అన్నావు. మేం పోయేవాళ్ళం అన్నావు."

"అదే... అక్కడివాళ్ళు. నలుగురం. అందరూ మంచివాళ్ళు."

"డాక్టరులాగే."

"అదిగో, డెల్మర్ ట్రక్కు! ఎదురుగా వస్తున్నాడు. హారన్ కొట్టు."

"వద్దులే."

"కొట్టవే! ఎన్ని నెలలైంది వాణ్ణి చూసి... ఓయ్, డెల్మర్! ... అదేంటి?"

"చూసుండడు నాన్నా."

"చూశాడు. నా కళ్ళలోకి చూసి ముఖం తిప్పుకున్నాడు. వేలు కూడా ఎత్తలేదు. ఈ రోడ్డు మీద శత్రువు ఎదురైనా స్టీరింగు మీంచి వేలెత్తి పలకరిస్తారే! ఇన్నేళ్ళ పొరుగువాడు! వాడి పిల్లకి గుర్రం ఎక్కడం నేర్పింది నేను. వాడి కొట్టం కాలితే తిరిగి లేపింది నేను. ఏమైంది వాడికి?"

"ఏదో ఆలోచనలో ఉండుంటాడు."

"తోరా, బుకాయించకు. నీతో వాడికేమైనా గొడవా?"

"లేదు. నేనంటే ఎంతో ప్రేమ వాడికి. ఈ చలికాలం డెల్మరే లేకపోతే..."

"లేకపోతే?"

"ఏం లేదు. చాలా సాయం చేశాడు."

"ఏం సాయం? చెప్పు. నీళ్ళు నమలకు. ఒక్కదానివే చూసుకోగలనన్నావు. నేను ఉండిపోతానన్నా నువ్వే కదా, పో నాన్నా, అమ్మ పోయాక ఇంట్లో గోడలు చూస్తూ కూర్చున్నావు, నాలుగు నెలలు ఎండలో ఉండిరా అని తరిమింది?"

"నాలుగు నెలలన్నాను. ఆరు కాదు. సారీ. అననులే అనుకున్నా."

"అను. నువ్వనకపోతేనే భయంగా ఉంది. ఇందాకట్నుంచీ చూస్తున్నా, అద్దాలు దించి ఎండ లోపలికొస్తుంటే ఎడమచేతికి ఆ తోలు తొడుగేంటి?"

"అలవాటు."

"ఒక్క చేతికేనా అలవాటు? విమానాశ్రయంలో కౌగిలించుకున్నప్పుడు కూడా అది తీయలేదు. ఆ చేయి నా వీపు మీద ఆనలేదు."

"నాన్నా, ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం."

"బండి ఆపు."

"ఇంకో పది నిమిషాల్లో..."

"ఆపు తోరా!"

రోడ్డు పక్కన, కంచె వారగా ట్రక్కు ఆగింది.

"తీయి."

"నువ్వు అరవకూడదు."

"అరవను. తీయి."

"నొప్పేం లేదిప్పుడు. ముందే చెబుతున్నా. మానిపోయింది."

"అయ్యో. అయ్యో తల్లీ..."

"అరవనన్నావు."

"ఇదేంటే! వేళ్ళేవి? నీ వేళ్ళేవే?"

"చిటికెన వేలూ, దాని పక్కదీ పూర్తిగా పోయాయి. మధ్య వేలు బేరమాడి సగం మిగుల్చుకున్నా."

"వేళాకోళమా నీకు? ఎప్పుడు? ఎలా?"

"ఫిబ్రవరి ఆఖర్లో పెద్ద మంచు తుఫాను వచ్చింది, గుర్తుందా? 'వార్తల్లో చూశాను, జాగ్రత్త' అన్నావు."

"అన్నాను."

"అప్పుడే. తొలిచూలు పెయ్య ఒకటి వాగు పక్కన కూలబడింది. దూడ కాళ్ళు బయటికొచ్చి ఆగిపోయాయి. ట్రక్కు మంచులో దిగబడింది. సరే, నడిచి పోయా. తొడుగుతో తాడు జారిపోతోంది నాన్నా, అందుకే తీసేశా. చేయి తడిసింది. దూడని లాగుతున్నంతసేపూ చలి తెలీలేదు. లాగాక చూస్తే తొడుగు లేదు, గాలికెటో పోయింది. ఇంటికొచ్చేసరికి వేళ్ళు కొవ్వొత్తుల్లా తెల్లగా అయిపోయాయి. బల్లకి కొడితే కర్ర చప్పుడు."

"ఒక్కదానివే..."

"దూడ బతికింది. అడగవేం?"

"దూడ గంగలో కలవనీ!"

"అలా అనకు. ఎంత ముద్దుగా ఉందో తెలుసా? ఇప్పుడు కంచెలు దూకుతోంది. అందుకేగా లాగింది."

"రోడ్లు మూసేసుంటారు ఆ తుఫానుకి."

"మూసేశారు. అంబులెన్సు రాలేనంది. డెల్మర్ ట్రాక్టరేసుకుని మంచు తోసుకుంటూ వచ్చాడు. వాళ్ళింటి నుంచి మనింటికి మధ్యాహ్నం బయల్దేరితే, చీకటి పడే వేళకి చేరాడు. ఆ రోజునుంచీ నీ పేరెత్తితే వాడికి ఒళ్ళు మంట. నేనెంత చెప్పినా వినడు."

"వాడిదేం తప్పు లేదు. వాడు నా ముఖాన ఉమ్మినా తప్పు లేదు. కానీ నువ్వు... నాకొక్క ముక్క చెప్పాలని అనిపించలేదా నీకు? నేను చచ్చానా? ఫోన్ లేదా నాకు?"

"చేశాను."

"ఎప్పుడు?"

"ఆ మధ్యాహ్నమే. డెల్మర్‌కి చేశాక, నీకు."

"నాకు రాలేదే."

"నువ్వు ఎత్తలేదు నాన్నా. ఒకావిడ ఎత్తింది. నువ్వు పడవలో చేపలకి వెళ్ళావంది. ఫోన్ వంటింట్లో మర్చిపోయావంది."

"తోరా..."

"గొంతు బాగుంది. నవ్వుతూ ఎత్తింది. నేను నాన్నా అని ఏడిస్తే నవ్వు ఆపేసింది."

"తోరా, నేను నీకు చెబుదామనే అనుకున్నా. ప్రతి ఆదివారం. ఫోన్ చేతిలోకి తీసుకుని, ఈసారి చెబుతా అనుకునేవాణ్ణి. నీ గొంతు వినగానే మీ అమ్మ గుర్తొచ్చేది. అమ్మ పోయి రెండేళ్ళన్నా నిండలేదు, ముసలాడికి ఇదేం బుద్ధి అనుకుంటావని..."

"రొసారియో."

"పేరు కూడా తెలుసా?"

"అప్పుడే చెప్పింది. నర్సుగా చేసి మానేశానంది. 'నేను పుట్టాక మంచు కంటితో చూడలేదమ్మా, చదువుకున్నదేదో గుర్తుచేసుకుని చెబుతున్నా, తప్పైతే తిట్టుకో' అంది. వేళ్ళు రుద్దొద్దంది. నీళ్ళు వేడిగా కాదు, గోరువెచ్చగా ఉండాలి, మోచేత్తో చూడు అంది. ఇక నొప్పి మొదలవుతుంది, అప్పుడు గట్టిగా అరిచెయ్, ఇక్కడ నేనున్నా అంది. అరిచాను నాన్నా. నువ్వు ఎప్పుడూ విననంతగా అరిచాను. డెల్మర్ తలుపు తోసుకుని లోపలికొచ్చేదాకా ఆవిడ ఫోన్ పెట్టలేదు."

"ఆ సాయంత్రం నేను పడవ దిగి వచ్చేసరికి... ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఉల్లిపాయలు తరిగానంది."

"ఊఁ."

"ఉల్లిపాయలంది! పెద్ద చేప పట్టానని చంకలు గుద్దుకున్నాను నేను. ఆమె చూసి బాగుందంది. నా కూతురి చేయి పోయిందని తెలిసి, నాకు చేప వండి పెట్టిందా? ఎలా తిననిచ్చింది నన్ను?"

"ఆవిడ్నేమీ అనకు. నేను ఒట్టు వేయించుకున్నా. చెబితే మీ ఇద్దరితోనూ ఇక మాట్లాడనని బెదిరించా."

"ఎందుకే? ఎందుకు?"

"వారం ముందు నువ్వు ఫోన్ చేసినప్పుడు, మాట్లాడుతూ మాట్లాడుతూ ఈల వేశావు."

"ఈలా?"

"ఏదో అడిగితే, 'ఆగు, గుర్తు తెచ్చుకోనీ' అని ఈల వేశావు. అమ్మ పోయాక మనింట్లో ఒక్క ఈల లేదు. అది విన్నాక నిన్ను మళ్ళీ ఆ గోడల మధ్యకి లాగాలనిపించలేదు. రెండు వేళ్ళకన్నా నాన్న ఖరీదెక్కువ అనుకున్నా."

"మోకాలు అబద్ధం."

"తెలుసు."

"డాక్టరే లేడు."

"అదీ తెలుసు. ఆవిడ చెప్పింది. నువ్వు నాకు ఫోన్ చేసి మోకాలు మోకాలు అంటుంటే, పక్కగదిలో తలబాదుకునేదట."

"ఇంకా మాట్లాడుకునేవాళ్ళా మీరిద్దరూ?"

"అప్పుడప్పుడూ. కట్లు ఎలా మార్చాలి, ఏం తినాలి, అవీ ఇవీ. నవ్వించేది. నువ్వు స్పానిష్‌లో ఉప్పు అడగబోయి సబ్బు అడిగావట."

"ఇక ఆమె మాట వద్దు తోరా. అయిపోయింది. నువ్వడగలేదు కాబట్టి నేనే చెబుతున్నా. నేను నీకోసం రాలేదు. అంత మంచివాణ్ణి కాదు నేను. ఈ జన్మకి ఇక అక్కడే అనుకుని నీకు ఎలా చెప్పాలా అని చూస్తూ ఉన్నా. గురువారం పొద్దున్న లేచి చూస్తే, నా పెట్టె సర్ది గుమ్మంలో పెట్టుంది. ఇంటికి పో అంది. ఏం తప్పు చేశానన్నాను. ఏం లేదు, పో అంది. బతిమాలాను తల్లీ, ఈ వయసులో, వీధిలో నలుగురూ చూస్తుండగా. తలుపేసుకుంది. లోపల్నుంచి ఒక్క మాట కూడా... నేను వెళ్ళగొడితే వచ్చినవాణ్ణి. వచ్చి నీ ట్రక్కులో కూర్చుని, ఈనే వేళకి రాలేకపోయా, మోకాలు అంటూ... నువ్వెందుకేడుస్తున్నావు? ఏడవాల్సింది నేను. చేయి నొప్పెడుతోందా?"

"లేదు."

"మరి?"

"బుధవారం సాయంత్రం నేను చొక్కా గుండీ పెట్టుకోలేకపోయా నాన్నా."

"ఆఁ?"

"అంతే. దూడల్ని లాగాను, గడ్డి వేశాను, కంచె కట్టాను, ఒంటిచేత్తో అన్నీ చేశాను. ఒక గుండీ పెట్టుకోలేక నేల మీద కూర్చుని ఏడ్చాను. అమ్మ కావాలనిపించింది. అమ్మ లేదు కదా. ఇక ఆవిడకే ఫోన్ చేశా."

"రొసారియోకా? ఏమన్నావు?"

"ఎందుకు పంపుతున్నావో మాత్రం చెప్పొద్దన్నా. చెబితే జాలితో వస్తావు, జీవితమంతా నా చేయి చూసుకుంటూ కూర్చుంటావు. చెప్పకపోతే కోపంతోనైనా వస్తావనుకున్నా. ఇంత ఏడుస్తూ వస్తావని నాకు తెలీదు."

"ఏం చెప్పొద్దన్నావే? నువ్వనేది నాకర్థం కావట్లేదు. ఆమె నన్ను వద్దనుకుంది. తలుపు మూసింది, నా కళ్ళ ముందే."

"తలుపు వెనకాల ఫోన్ పట్టుకుని ఉంది, నేను ఇటు వింటున్నా. ఆవిడ నిన్ను వెళ్ళగొట్టలేదు నాన్నా. నాన్న కావాలని నేనడిగాను, ఇచ్చేసింది."